నడుమ పేరా

మొన్న ఆదివారం పొద్దున్నే సూరత్‌లోని గోడాదరా నుంచి ఆయన కోడలు మెసేజ్ పెట్టింది. "అక్కా, మామ పోయిండు. నిద్రలనే పోయిండు, ఏం తక్లీఫ్ కాలే. మీకు ఫోన్ చెయ్యొద్దు, రాసి పంపాలె అని ముందుగాల్నే చెప్పి పెట్టిండు."

పళ్లు తోముకుంటూ చదివాను. ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. తన చావు కబురు కూడా ఫోనులో చెప్పనివ్వని మనిషిని ఇంకొకర్ని నేను చూడలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. "ఉత్తరం రాసినోని పేరు ఉత్తరంల ఉండదు బిడ్డా" అని ఆయనే ఒకసారి అన్నాడు. గల్లీలో గుజరాతీ వాళ్లూ కాకా అనేవాళ్లు, మన తెలంగాణ వాళ్లూ కాకా అనేవాళ్లు. కాకినాడ దాన్నైన నేను మొదట్లో "బాబాయ్ గారూ" అని పిలిచి నవ్వులపాలై, చివరికి కాకా దగ్గరే స్థిరపడ్డాను.

ఆయన మరమగ్గాల మీద ముప్పై ఏళ్లకు పైగా చేశాడు. మొదట నేత, తర్వాత జాబర్, అంటే మగ్గం మొరాయిస్తే బాగుచేసేవాడు. ఆ మోతలో చెవులు రెండూ పోయాయి. షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. ఆయన బయటికొచ్చాక కూడా అలాగే బతికాడు. ఎదుటివాళ్లు తలొంచుకుని మాట్లాడితే గడ్డం కింద వేలు పెట్టి ముఖం పైకెత్తేవాడు. నాకు ఫోను చూస్తూ మాట్లాడే రోగం ఉంది. నా చేతిలోంచి ఫోను తీసి బల్ల మీద బోర్లా పెట్టి, "ఇప్పుడు చెప్పు" అనేవాడు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఇంకా పెద్ద నేరం. "నవ్వు దాసుకుంటే నాకేం సమజైతది?" అని కోప్పడేవాడు. చెవిటితనం ఒక లాభం కూడా ఇచ్చింది. రోడ్డు అవతల ఛాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్ల మాటలన్నీ ఆయనకు తెలిసిపోయేవి. "అగో, ఆ తెల్లంగీ ఆయన తన సేఠ్‌ను మస్తు తిడుతుండు" అని పరమానందంగా నాకు చేరవేసేవాడు.

మాట్లాడితే పచ్చి తెలంగాణ. రాస్తే మాత్రం ఎవరో పాతకాలపు తాసిల్దారు కూర్చుని రాసినట్టు ఉండేది. ఫోను చేస్తే కట్ చేసి, వెంటనే మెసేజ్ పంపేవాడు: "మీ ఫోను అందినది. నాకు వినబడదు. విషయము వ్రాయగలరు." నేను "కాకా, ఆదివారం వస్తున్నా" అని పెడితే, "తమ రాక మాకు సంతోషము. కోడలు మిరపకాయ బజ్జీలు వేయును" అని వచ్చేది. ఈ గ్రాంథికమే పరిచయం కాకముందే మా ఇద్దరి మధ్యా గొడవ పెట్టింది. ఆ సంగతికి వస్తాను, ముందు ఆదివారాల గురించి చెప్పాలి.

నేను సూరత్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. అది పొట్టకూటికి. ఖాళీ వేళల్లో తెలుగువాళ్లు ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పుకునే ఒక సైటుకు జీతంలేని కాపలాదారుని, అంటే మోడరేటర్ని. దోసెపిండి పులవకపోతే ఏం చెయ్యాలన్న దగ్గర నుంచి, రైలు టికెట్లో పేరు తప్పుపడితే ఎవరిని అడగాలన్న దాకా అక్కడ అన్నీ అడుగుతారు. తెలిసినవాళ్లు చెబుతారు. ఈమధ్య తెలియనివాళ్లు కూడా చెబుతున్నారు, ఏఐ చేత రాయించి. తమకు ఏనాడూ పరిచయం లేని పనుల మీద పేజీలకు పేజీలు దింపుతారు. వాటిని ఏరి పారెయ్యడం మా పని. ఆ పనిలో ఆయన నాకు తోడయ్యాడు.

ఆదివారం పొద్దున కోడలి బజ్జీల బండి పక్కన స్టూలు మీద కూర్చుని, నా ఫోను మోకాలి మీద పెట్టుకుని, అనుమానం వచ్చిన జవాబులు ఒక్కొక్కటే చదివేవాడు. మొదటి వాక్యాలు, చివరి వాక్యాలు వేలితో తోసేసి మధ్యలో ఆగేవాడు. అక్కడ తేడాగా అనిపిస్తే జవాబు కింద ఒకటే ప్రశ్న రాసేవాడు: "తమరు ఆ పని చేయునప్పుడు ఎక్కడ నిలబడి ఉంటిరి?"

జనానికి ఒళ్లు మండేది. "ఎక్కడ నిలబడితే మీకెందుకండీ?" అని తగువుకు వచ్చినవాళ్లున్నారు. అలా వచ్చినవాళ్లంటే ఆయనకు ఇష్టం. "కోపమొచ్చింది, మనిషే" అని వదిలేసేవాడు. ఆవకాయకు బూజు పట్టడం గురించి జవాబు రాసిన ఒకావిడ, "వంటింటి గుమ్మం వెనక, మా అత్తగారికి కనపడకుండా నిలబడ్డాను, పైన ఊటంతా తీసి పారబోశాను" అని రాసింది. ఆయన ఆ జవాబును కోడలికి రెండుసార్లు చదివి వినిపించాడు. ఇంకో పెద్దమనిషి, బోరుబావి మోటారు మీద ఆరు పేరాల జవాబు రాసినవాడు, ఈ ప్రశ్నను కూడా ఏఐకే ఇచ్చినట్టున్నాడు. "నేను ఒక విషయ నిపుణుడి స్థానంలో నిలబడి ఉన్నాను" అని సమాధానం వచ్చింది. వారం రోజులు నవ్వాడు. బజ్జీలకు వచ్చినవాళ్లను ఆపి మరీ, "నువ్వు ఏ స్థానంల నిలబడ్డవ్‌రా?" అని అడిగేవాడు.

అలాగని యంత్రం చెయ్యి పడిన ప్రతిదాన్నీ తరిమేవాడు కాదు. సూరత్ పక్కనే ఉన్ అనే చోట ఉండే ఒక ఆయా, ప్రసూతి వార్డులో పనిచేసే ఆమె, బాలింతల గురించి జవాబులు రాసేది. భాష మరీ నున్నగా ఉందని నేను పట్టుకున్నాను. ఆయన చదివి తల అడ్డంగా ఊపాడు.

"ఉండనియ్. గీ బిడ్డ మంచం కాడ నిలబడ్డది. దిండు తల కింద కాదు, నడుం కింద పెట్టిన అని రాసింది చూడు. రాసిచ్చిన చెయ్యి ఎవలదైతేంది, మాట ఆమెదే."

"మరి మన రూలు?"

"నీ రూలు ప్రకారమైతే ముందుగాల నన్ను జైల్ల ఎయ్యాలె."

ఆ మాట ఎందుకన్నాడో చెప్పాలంటే మా మొదటి పరిచయం చెప్పాలి. అది నేను గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

అప్పటికి నేను ఏఐ జవాబుల్ని వాసన చూసి పట్టేస్తానని పేరు తెచ్చుకున్నాను. పేరు ఎవరిచ్చారని అడక్కండి, ఎక్కువ భాగం నేనే ఇచ్చుకున్నాను. నాకు కొన్ని గుర్తులుండేవి. ప్రశ్నను మెచ్చుకుంటూ మొదలుపెడితే ఒక గుర్తు. అన్ని జవాబులకూ ఒకే కొలత ఉంటే ఒకటి. ఒక్క అచ్చుతప్పు కూడా లేకపోతే ఇంకొకటి. ఒక కొత్త ఖాతాలో ఈ మూడూ దొరికాయి. ప్రతి జవాబూ "తమరి ప్రశ్న మిక్కిలి ఉపయోగకరమైనది" అని మొదలయ్యేది. ప్రతి జవాబుకూ మూడే పేరాలు. ప్రతి జవాబూ "తమకు మేలు కలుగుగాక, ఇక సెలవు" అని ముగిసేది. మగ్గాల మీదా అదే, రైలు టికెట్ల మీదా అదే, బియ్యంలో పురుగుల మీదా అదే. నెల రోజులు ఆ ఖాతా నోరు కట్టేశాను. చదవొచ్చు, రాయడానికి లేదు. ఆ పని చేసి హాయిగా అన్నం తిన్నాను.

అదే వారం ఇంకొక ప్రశ్న వచ్చింది. సూరత్ శివార్లలో, జోల్వాలో నీళ్ల ట్యాంకు వెనక మరమగ్గాల షెడ్డులో రెండు నెలలుగా పనిచేస్తున్న ఒకతను అడిగాడు. మగ్గం మీద షటిల్ మాటిమాటికీ ఎగిరి బయటికొస్తోంది, ఒడియా జాబర్ తన ఊరికి పోయాడు, అతను వచ్చేదాకా నువ్వే చూసుకో అని సేఠ్ అంటున్నాడు, ఏం చెయ్యాలి? షటిల్ అంటే పేక దారాన్ని అటూ ఇటూ మోసుకెళ్లే చెక్క ముక్క. జానెడు కంటే పొడుగు, రెండు కొసలకూ ఇనుము. మగ్గం రెండు చివర్లా అది వచ్చి ఆగే గూడే షటిల్ పెట్టె. ఒక రోజులోపే జవాబు వచ్చింది. మొదట్లో "అన్నా" అని పిలుపుంది, మధ్యలో రెండు అచ్చుతప్పులున్నాయి. నా లెక్క ప్రకారం మనిషే. బాగుంది అనుకుని, మోడరేటర్ చూశారని చెప్పే పచ్చ గుర్తు పెట్టేశాను.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున అప్పీళ్ల పెట్టె తెరిచాను. మేము నోరు కట్టేసినవాళ్లు మొర పెట్టుకునే చోటు అది. అందరూ అక్కడ ఒకటే రాస్తారు, నేను నిర్దోషిని, నన్ను వదలండి అని. ఆయనది ఇలా ఉంది:

"ఆర్యా, నమస్కారములు. నా ఖాతా విషయము తీరిక మీద చూడవచ్చును.

జోల్వా వ్యక్తికి షటిల్ గురించి యిచ్చిన జవాబు వెంటనే తీసివేయ ప్రార్థన. మగ్గము నెమ్మదిగా నడిపి, షటిల్ పెట్టె కొస యందు నిలబడి, వంగి గమనించమని అందులో వ్రాసినారు. ఆ చోట మనిషి నిలబడరాదు. నిలబడినచో కన్ను పోవును. నేను చెప్పుదునన్న నాకు వ్రాయు వీలు లేదు.

తమకు మేలు కలుగుగాక, ఇక సెలవు. ఇట్లు, గోడాదరా, సూరత్."

కింద ఫోను నంబరు ఉంది. అది కూడా మూడే పేరాలు. యంత్రం ఇప్పుడు బెదిరింపులకు దిగిందా అని ఒక్క క్షణం అనుకున్నాను, సిగ్గు లేకుండా. తర్వాత గోడాదరా అన్న మాట కంటపడింది. నేనుండేది నది అవతల అడాజణ్‌లో. యంత్రాలు గోడాదరాలో ఉండవు కదా అనిపించింది.

ఆ జవాబు దాచేశాను. జోల్వా మనిషికి సైటులోనే కబురు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. పనిలో ఉన్నప్పుడు ఫోన్లు చూడనివ్వరని నాకు అప్పుడు తెలియదు. అప్పీలులో ఉన్న నంబరుకు ఫోను చేశాను. కట్ అయింది. "మీ ఫోను అందినది. నాకు వినబడదు..." నా జీవితంలో ఆ వాక్యం మొదటిసారి చూడటం అదే. నేనెవరో రాసి, ఆ జవాబులో తప్పేమిటో చెప్పమన్నాను. "వ్రాసిన అర్థము కాదు. చూపవలెను. రాగలరా?" అని వచ్చింది. స్కూటీ తీశాను.

బజ్జీల బండి దగ్గర తెల్ల బనీను, లుంగీతో స్టూలు మీద కూర్చున్నాడు. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వేనా నన్ను ఎల్లగొట్టింది? గింత ఉన్నవేంది?" అన్నాడు. నేను క్షమాపణ మొదలుపెట్టాను. తలొంచుకుని చెప్పాను కాబట్టి ఒక్క ముక్క కూడా ఆయనకు చేరలేదు. చేరినా ఆగేట్టు లేడు. కోడలి పొడుగు బల్ల మీద గిన్నెలన్నీ దించి, అప్పడాల కర్ర తీసుకున్నాడు.

"గీ బల్ల మగ్గం. గీ కర్ర షటిల్. నువ్వు గా కొసకు పో. వంగు. ఇంకా వంగు, పెట్టెల ఏమున్నదో చూడాలె కద?"

వంగాను. బల్ల మధ్యలో నిలబడి కర్రను ఒక చేత్తో నా వైపు ఒక్క తోపు తోశాడు. అది జారుకుంటూ వచ్చి సరిగ్గా నా కళ్లజోడు ముందు, ఆయన రెండో చేతిలో ఆగింది. నేను వెనక్కి పడబోయాను. బజ్జీలు తినేవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"కడుపు ఎత్తుల వస్తే దెబ్బ. వంగితే ముఖం ఎత్తుల వస్తది. నెమ్మదిగ నడపాల్నంట! మగ్గం నడుస్తది, లేకుంటే ఆగుతది. నెమ్మది అనేది దానికి తెల్వదు. గీ జవాబు రాసినోడు మగ్గం కాడ నిలబడ్డోడు కాదు బిడ్డా. నిలబడ్డోడు గా కొస పేరు ఎత్తుడే ఎత్తడు."

ఒక్కటే పని మిగిలింది, ఆ మనిషిని వెతికి పట్టుకోవడం. జవాబు వచ్చి రెండు రోజులు దాటింది. ఈలోపు అతను చదివి ఉంటే? కాకా తనకు తెలిసిన ఇద్దరు జాబర్లకు మెసేజ్ పెట్టాడు. నీళ్ల ట్యాంకు వెనక, ఒడియా జాబర్ ఊరికి పోయిన షెడ్డు ఏది అని. ఒకడు ఏ గేటో చెప్పాడు. "పా" అంటూ ఆయన లుంగీ మడిచి కట్టి నా స్కూటీ వెనక ఎక్కేశాడు.

ఎడమకు తిరగాలంటే ఎడమ భుజం మీద రెండు దెబ్బలు, కుడికైతే కుడి భుజం మీద. ఆపాలంటే నడినెత్తిన ఒకటి. దారిలో కడోదరా దాటేదాకా వెనక నుంచి ఆయనొక్కడే మాట్లాడాడు. నాకు సంజాయిషీ చెప్పుకోవాలని నోరు దురద పుడుతోంది. చెప్పి లాభం లేదు, నా పెదాలు రోడ్డు వైపు ఉన్నాయి. జీవితంలో అంతసేపు ఎదురుచెప్పకుండా ఎవరి మాటా వినలేదు నేను.

"రూముల పద్దెనిమిది మందిమి ఉంటుంటిమి. చదువొచ్చినోన్ని నేనొక్కన్నే. ఐతారం వస్తే అందరికి ఉత్తరాలు నేనే రాయాలె. ఎంతమందికని కొత్తగ రాస్త? మొదలు ఒకటే, ఆఖరు ఒకటే. అందరు క్షేమమే, అందరికి సెలవే. నడుమ పేరానే మనిషిది. ఆని పెయ్యి నొప్పి, ఆని బర్రె ఈనిందా లేదా, ఆని పెండ్లాం మీద ఆని గుస్సా. గది ఆడు చెప్పాలె, నేను రాయాలె. చెప్పనోన్ని లేపి నిలబెట్టి అడుగుతుంటి. మొదలు, ఆఖరు మాత్రం నాయి. నువ్వేం చేసినవ్? మొదలు చూసినవ్, ఆఖరు చూసినవ్, నన్ను ఎల్లగొట్టినవ్. నడుమ చూడలే."

అది నిజం. ఇంటికెళ్లాక ఆయన జవాబులన్నీ మళ్లీ తీసి చదివాను. బియ్యంలో పురుగుల జవాబులో, రెండో పేరాలో, "మిద్దె మీద ఎండబెట్టి నేను నీడకు కూర్చొంటిని, పావురములు సగము తినెను, కావున కర్ర పట్టుకొని పక్కనే నిలబడవలెను" అని ఉంది. పావురాల కోసం కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషిని పట్టుకుని యంత్రమన్నాను నేను. ఎవరో ఒక "అన్నా", రెండు అచ్చుతప్పులు అతికించిన యంత్రం జవాబుకేమో పచ్చ గుర్తు ఇచ్చాను.

జోల్వాలో ఆ గేటు ముందు ఆగగానే ఆయన దిగి, అరచెయ్యి తీసుకెళ్లి షెడ్డు గోడ మీద ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు.

"గోడ వణుకుతలేదు. కరెంట్ లేదు" అన్నాడు.

అప్పుడు గమనించాను, చుట్టూ అంత నిశ్శబ్దం. పొద్దున తొమ్మిదింటి నుంచీ కరెంటు లేదని లోపల నుంచి ఎవరో చెప్పారు. కరెంటు పోయినందుకు నేను సంతోషించడం అదే మొదలు.

ప్రశ్న అడిగినతను గేటు లోపల దూది పట్టిన జుట్టు దులుపుకుంటూ కూర్చున్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. నిజామాబాద్ దగ్గర ఆటో నడుపుకునేవాడట, మగ్గాలకు కొత్త. మేమెవరమో చెప్పేలోపే కాకా వెళ్లి అతని గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పాడు. ఒక కన్ను చూశాడు, రెండో కన్ను చూశాడు.

"ఏంది కాకా, ఏమైంది?" అన్నాడు అతను బిత్తరపోయి.

"ఏం కాలే. మంచిగున్నది" అన్నాడు కాకా. షెడ్డులో చేరినప్పటి నుంచీ ఎన్ని కళ్లు పోవడం చూశాడో ఆ మనిషి. నేను అడగలేదు, ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

జవాబు నిన్న సాయంత్రమే చదివాడట. ఇవాళ ఎలాగైనా ఆ మగ్గం నడవాలని సేఠ్ అన్నాడట. కరెంటు రాగానే అందులో చెప్పినట్టే చేద్దామని కాచుకుని ఉన్నాడు. కాకా అతన్ని లోపలికి తీసుకెళ్లాడు. చక్రం చేత్తో తిప్పుతూ, షటిల్ పెట్టెను వేళ్లతో తడుముతూ, చివరికి ఒక బోల్టు దగ్గర ఆగాడు. సగం చుట్టు వదులైంది. పానా అడిగి బిగించాడు. నా వైపు తిరిగాడు.

"జవాబుల మూడో మాట గిదే ఉండె. పెట్టె బోల్ట్ చూడుమని. దాంట్ల తప్పు లేదు బిడ్డా. మిషన్‌కు మగ్గం సంగతి తెల్సు. మనిషికి కండ్లు ఉంటయని తెల్వదు."

ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇంతకంటే సరైన మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన పరీక్ష ఇప్పుడు పాతబడింది, అది ఆయనకూ తెలుసు. ఎక్కడ నిలబడ్డావని అడిగితే యంత్రాలు ఇప్పుడు కిటికీ పక్కన అంటాయి, బయట వాన పడుతోందని కూడా అంటాయి. అయినా జవాబు చూసిన ప్రతిసారీ, దీన్ని నమ్మి చేసేవాడు ఎవరు, వాడికి ఏమవుతుంది అని ఒక్క నిమిషం ఆగడం నాకు అలవాటైంది. అది ఆయన పెట్టిన భిక్ష.

కరెంటు వచ్చింది. ఒక్కొక్క మగ్గమే లేచి, నిమిషంలో చెవులు దిమ్మెక్కిపోయాయి. ఆయన అతన్ని రెండు భుజాలూ పట్టి మగ్గం ముందు ఒక చోట నిలబెట్టాడు, నన్ను తన వెనక్కి లాగాడు. మగ్గం నడిచింది. మేము చాలాసేపు చూశాము. షటిల్ ఎగరలేదు.

గేటు బయట ఛాయ్ తాగేటప్పుడు అతను సిగ్గుపడుతూ నాతో అన్నాడు. "నేను గిట్ల ఫోన్ల చూసి చేసేటోన్ని కాదు మేడమ్. కింద పచ్చ గుర్తు ఉండె. ఎవలో పెద్దోళ్లు చూసిండ్రు, ఇంక భయం లేదు అనుకున్న."

నేనెవరినో అతనికి ఇంకా చెప్పలేదు. సైటు నుంచి వచ్చామని మాత్రమే చెప్పాము.

"ఆ గుర్తు పెట్టింది నేనే" అన్నాను.

అతను నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీరే పెట్టి, తప్పయిందని మీరే గింత దూరం వచ్చిండ్రా? ఐతారం పూట?" గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. "నాకు ఇద్దరు ఆడపిల్లలు మేడమ్. ఎవలు వస్తరు గిట్ల."

నేను కంగారుగా కాకా వైపు తిరిగాను. వచ్చింది నేను కాదు, తీసుకొచ్చింది ఈయన, నేను నోరు కట్టేసినా ఊరుకోకుండా నీ కోసం రాసింది ఈయన అని చెప్పబోయాను. ఆయన ఎదురుగానే కూర్చుని మా ఇద్దరి పెదాలూ చూస్తున్నాడు. ఒక్క మాట వదలకుండా అంతా తెలిసింది ఆయనకు. నడుము ఎత్తులో అరచెయ్యి నేల వైపు పెట్టి చిన్నగా ఊపాడు. షెడ్డులో ఆ సైగకు అర్థం, మగ్గం మంచిగా నడుస్తోంది, ముట్టుకోకు అని.

నేను నోరు మూసుకున్నాను. అతని దండం నేనే తీసుకున్నాను. ఆ సాయంత్రం ఆయన ఖాతా విడిచిపెట్టి, తప్పు నాదేనని నా పేరుతో సైటులో రాశాను. ఆ దండం సంగతి మాత్రం ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆయన ఎత్తలేదు, నేను ఎత్తబోతే ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ముఖం తిప్పుకుంటే ఇంక ఆయనతో మాట్లాడే దారి లేదు.

కాకా, జోల్వాలో అతను దండం పెట్టింది మీకు. ఇప్పుడు మీరు ముఖం తిప్పుకోలేరు కాబట్టి చెబుతున్నాను.